నాలుగు వరుసలకు ఎర్ర సిరా

మా కార్యాలయంలో దిద్దుబాటు లేకుండా ఏ కాగితమూ పైకి పోదు. గుమాస్తా డ్రాఫ్టు రాస్తాడు. సూపరింటెండెంటు గారు దాన్ని ఎర్ర సిరాతో దిద్దుతారు. డిప్యూటీ డైరెక్టరు గారు ఆ ఎర్ర సిరా పక్కన ఆకుపచ్చ సిరాతో సంతకం పెడతారు. ఎర్ర సిరా కనబడని డ్రాఫ్టు ఆయన బల్ల మీదికి చేరిందంటే 'చూడకుండా పంపినట్టున్నారు' అని ఒక్క ముక్క రాసి వెనక్కి కొడతారు. అందుచేత బాగున్న డ్రాఫ్టును దిద్దనక్కర్లేదని మా సూపరింటెండెంటు కూర్మనాథం గారు ఏనాడూ పొరపాటు పడలేదు.

ఉప్పు మడుల కొలతల శాఖ, ప్రాంతీయ కార్యాలయం అని బయట బోర్డు. సముద్రం ఒడ్డున ఉప్పు పండే మడులను కొలవడం, వానలకు గట్లు చెరిగిపోతే మళ్ళీ కొలవడం, రెండు కొలతలకూ తేడా ఎందుకొచ్చిందో రాసి పంపడం మా పని. నేను అక్కడ జూనియర్ అసిస్టెంటుని. పేరు పైడిరాజు. ఏడేళ్ళుగా నా రాత కూర్మనాథం గారి చేతిలో ఎర్రబడుతూనే ఉంది. ఒకసారి జ్వరం వచ్చి సెలవు చీటీ పంపితే, 'జ్వరం' కొట్టేసి 'శరీర ఉష్ణోగ్రతయందు పెరుగుదల' అని దిద్ది తిప్పి పంపారు. నేను సాపు రాసి మళ్ళీ పంపేసరికి ఉష్ణోగ్రత తగ్గిపోయింది, కనుక సెలవు మంజూరు కాలేదు. అయినా ఆయన మీద నాకు కోపం ఉండేది కాదు. మనిషి మంచివారు. మధ్యాహ్నం తన క్యారేజీలో పప్పు నాకు ఇంత పెట్టకుండా తాను ముద్ద ముట్టేవారు కాదు.

తొంభై ఆరు జూన్ మూడో తేదీ తపాలాలో రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది పార్వతీపురానికి నా బదిలీ. నా భార్య హైమవతి అక్కడి ఆస్పత్రిలో నర్సు. పెళ్ళయి నాలుగేళ్ళయినా మేమిద్దరం ఒక ఊళ్ళో ఉన్నది పండగలకూ పబ్బాలకే. భార్యాభర్తలు ఒకే ఊళ్ళో ఉంటే పరిపాలనకు భంగం రాదని పైవాళ్ళను ఒప్పించడానికి నేను తొమ్మిది అర్జీలు పెట్టుకున్నాను. తొమ్మిదోది ఫలించింది. అయితే జూలై ఒకటి నుంచి బదిలీల మీద నిషేధం మళ్ళీ వస్తుందనీ, ఈలోగా పాత చోటు నుంచి వదిలే రిలీవింగ్ ఉత్తర్వు చేతికి రానివారి బదిలీలు రద్దయిపోతాయనీ కింద ఒక వాక్యం ఉంది. అంటే జూన్ దాటితే పదో అర్జీ రాసుకోవాలి.

రెండో కాగితం హెడ్డాఫీసు నుంచి. ప్రాంతీయ కార్యాలయాల్లో కంప్యూటర్లన్నిటినీ నెట్‌వర్కుతో కలపాలని, ఇకమీదట కాగితాలు అటెండరు చేతి మీదుగా కాకుండా వైరు మీదుగా గది నుంచి గదికి క్షణంలో చేరాలని అందులో రాశారు. ఏడో పేరాలో, కంప్యూటరు శిక్షణ పొందిన ఉద్యోగిని ఈ పని పూర్తయ్యేదాకా ఏ కారణం చేతనూ రిలీవు చేయరాదని కూడా రాశారు. మా ఆఫీసులో శిక్షణ పొందిన ఉద్యోగి నేనొక్కణ్ణే. రెండేళ్ళ కిందట విశాఖపట్నంలో మూడు రోజులు నేర్పారు. మొదటి రోజు ప్రారంభోత్సవం, మూడో రోజు సర్టిఫికెట్లు. నడిమి రోజు పూర్తిగా నేర్పేవారే గానీ, మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు.

కూర్మనాథం గారు రెండు కాగితాలూ చదివి, రెండూ నాకు సంబంధించినవే కనుక ఒకే ఫైలులో పెట్టమన్నారు. తర్వాత కళ్ళద్దాలు తీసి నావైపు చూశారు.

"యంత్రాలు కలిస్తే ఆ పూటే నిన్ను పంపిస్తానయ్యా. మీ ఆవిడకు ఉత్తరం రాసేసుకో."

రాసేశాను. వారం తిరక్కుండా హైమ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. జూలై నుంచి రెండు గదుల ఇల్లు మాట్లాడిందట. వంటింటి కిటికీలోంచి రైలు కనబడుతుందట. ఆ కిటికీ నేను కళ్ళతో చూడనే లేదు గానీ, ఆ నెలంతా నా ధ్యాస దాని దగ్గరే ఉండేది.

మా కంప్యూటర్లు నాలుగు. నాలుగూ ఎనభై తొమ్మిదిలో వచ్చిన పాత డాస్ యంత్రాలు. నల్ల తెర మీద పచ్చ అక్షరాలు. వాటికి పూల గుడ్డతో ముసుగులు కుట్టించాం, చెప్పులు విప్పి గానీ దగ్గరికి పోము. ఎస్టాబ్లిష్‌మెంటులో ఒకటి, కొలతల సెక్షనులో ఒకటి, డిప్యూటీ డైరెక్టరు గారి గదిలో ఒకటి, తపాలా గదిలో ఒకటి ఉండేవి. కంపెనీ మనిషి వచ్చి, ఒక్కోదాని వీపు విప్పి లోపల పచ్చటి కార్డు బిగించి, గోడల వెంబడి నల్ల వైరు లాగి, రెండు ఫ్లాపీలు నా చేతిలో పెట్టాడు. రెండిటిలోనూ ఒకటే సరుకు, ఒకటి పోతే ఇంకొకటి అన్నాడు. కార్డు బిగించినంత మాత్రాన యంత్రానికి అది ఉన్నట్టు తెలియదు. ఆ రెండిటికీ మాట కలిపే చిన్న ప్రోగ్రాము ఆ ఫ్లాపీలో ఉంది. దాన్ని డ్రైవరు అంటారు. దాన్ని యంత్రంలోకి ఎక్కించి, యంత్రం లేవగానే మొట్టమొదట చదువుకునే చిట్టాలో నాలుగు వరుసలు రాయాలి. మొదటి వరుస దారి వేస్తుంది, రెండోది కార్డును లేపుతుంది, మూడోది దానికి భాష నేర్పుతుంది, నాలుగోది తలుపు తీస్తుంది. ఈ వరస తప్పకూడదు. ఒక్కో యంత్రానికి పది నిమిషాల పని అని చెప్పి కంపెనీ మనిషి బస్సెక్కేశాడు.

ఆఫీసులోకి వచ్చిన ఏ వస్తువైనా ముందు ఇన్‌వర్డు రిజిస్టరులో నమోదు కావాలి కనుక ఒక ఫ్లాపీని తపాలా గదికి ఇచ్చాను. అరగంట తర్వాత అది ఫైలులో నాకు తిరిగొచ్చింది. మీద గుండ్రటి రబ్బరు స్టాంపు, తేదీ, నంబరు. ఎడమ పక్క పైమూల దబ్బనంతో పొడిచి, ఎర్ర ట్యాగుతో మిగతా కాగితాలకు కలిపి కట్టేసి ఉంది. మా అటెండరు సింహాచలం ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆఫీసులోకి వచ్చిన ప్రతి కాగితాన్నీ అలాగే కట్టాడు. ఇలా చేశావేమిటి అని అడిగితే నావైపు జాలిగా చూశాడు.

"కట్టకపోతే ఎగిరిపోదా బాబూ? దీనికి పెద్ద కట్టం కూడా అవనేదు. ఒక్క పోటుకే దిగిపోనాది."

రెండో ఫ్లాపీని మాత్రం నేను ఇన్‌వర్డు చేయలేదు. టిఫిను సంచిలో, పేపరు మడతలో దాచుకున్నాను. ప్రభుత్వ ఆస్తిని ఆ విధంగా దాచుకోవడం తప్పే, ఒప్పుకుంటున్నాను. ఆ నెలలో మా ఆఫీసులో సక్రమంగా జరిగిన పని అదొక్కటే.

ఆరో తేదీ ఎస్టాబ్లిష్‌మెంటు యంత్రం ముందు కూర్చుని డ్రైవరు ఎక్కించి, మొదటి వరుస టైపు చేస్తున్నాను. వెనక కూర్మనాథం గారు వచ్చి నిలబడ్డారు. ఇది ఏమిటని అడిగారు. యంత్రం పొద్దున్నే లేచి ఏమేం చేయాలో చెప్పే చిట్టా అని చెప్పాను.

"అంటే ఆదేశాలు."

"అవును సార్."

"ప్రభుత్వ యంత్రానికి నువ్వు ఆదేశాలిస్తున్నావు. ఎవరి ఆమోదంతో?"

చేతులు మీటల మీద నుంచి తీసేశాను. ఆదేశమంటే ఉత్తర్వే, ఉత్తర్వంటే డ్రాఫ్టు పెట్టాల్సిందే అన్నారు. ఆ నాలుగు వరుసలూ తెల్లకాగితం మీద రాసి, నోటుతో సహా ఫైలులో పెట్టి ఆయనకు సమర్పించాను.

రెండు రోజులకు ఫైలు తిరిగి వచ్చింది. యంత్రానికి ఇంగ్లీషు తప్ప ఏమీ రాదు కాబట్టి డ్రాఫ్టు ఇంగ్లీషులోనే పెట్టాను, ఆయన దిద్దడమూ ఇంగ్లీషులోనే దిద్దారు. ముందు సూచిక చేర్చారు. 'పైన ఉదహరించిన లేఖను పురస్కరించుకుని ఈ దిగువ ఆదేశములు జారీ చేయడమైనది' అని ఒక వాక్యం చేర్చారు. నాలుగు వరుసల చివరా చుక్కలు పెట్టారు. తలుపు తీసే వరుస అన్నిటికంటే ముఖ్యమైనది కనుక దాన్ని అట్టడుగున పెట్టడం మర్యాద కాదని, పైకి తెచ్చారు. కింద ఆకుపచ్చ సంతకం నిగనిగలాడుతోంది. వరస మారితే పని చేయదేమో సార్ అని గొణిగాను. ఆమోదం పొందిన డ్రాఫ్టు పని చేయకపోవడమంటూ ఉండదన్నారు. ఉన్నదున్నట్టు టైపు చేసి యంత్రాన్ని ఆపి లేపాను.

యంత్రం లేచి, ఒక్కో వరుసా చదివి, ఒక్కో వరుస కిందా 'చెడ్డ ఆదేశం' అని రాసుకుంటూ పోయింది. ఆ కంప్యూటరు తనకు అర్థం కాని దాన్నల్లా అలాగే అంటుంది, అందులో పొగరేమీ లేదు. కానీ కూర్మనాథం గారు ముప్పై మూడేళ్ళ సర్వీసులో ఎవరి చేతా ఆ మాట పడి ఉండలేదు. ఆయన కోప్పడలేదు గానీ నొచ్చుకున్నారు. కాసేపు తెర వైపు చూసి, ఫైలు చంకలో పెట్టుకుని డిప్యూటీ డైరెక్టరు గారి గదిలోకి వెళ్ళారు. నన్నూ రమ్మన్నారు.

డిప్యూటీ డైరెక్టరు ఫణిభూషణరావు గారు గొంతు హెచ్చించకుండా, తాను చెబుతున్నదంతా ఎవరో రాసుకుంటున్నట్టు మాట్లాడతారు.

"సమర్థుడైన అధికారి సంతకం చేసిన ఉత్తర్వును చెడ్డదిగా అభివర్ణించుట తీవ్రమైన విషయము. దీనిని మొలకలోనే తుంచనియెడల మిగిలిన మూడు యంత్రములకు సైతము పాకగల ప్రమాదమున్నది. సంజాయిషీ కోరండి."

మెమో డ్రాఫ్టు కూడా నేనే రాశాను. ఏడు రోజుల్లోగా జవాబు ఇవ్వాలి, లేనియెడల చెప్పుకోవడానికేమీ లేదని భావించబడును. దాన్ని అందజేయడానికి సింహాచలం పావుగంటసేపు యంత్రం ముందు చేయి చాపి నిలబడ్డాడు. తర్వాత వచ్చి, తీసుకోవడం లేదని చెప్పాడు. మెమో తీసుకోని ఉద్యోగి ఇంటి తలుపుకు దాన్ని అంటించి, ఇద్దరు సాక్షుల చేత సంతకాలు పెట్టించుకోవడం పద్ధతి. ఆ పద్ధతి ప్రకారమే మెమోను తెర మీద మైదా జిగురుతో అంటించారు. విచారణలో ఉంది కనుక ఏడు రోజులూ ఎవరూ దాన్ని ముట్టకూడదన్నారు. ఆ ఏడు రోజులూ నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ గడిపాను. ఎనిమిదో రోజు యంత్రం నుంచి జవాబు రానందున, తప్పు ఒప్పుకున్నట్టు భావించి, ఇది మొదటి తప్పు కనుక మందలించి వదిలేశారు. ఆ మందలింపు స్టాకు రిజిస్టరులో ఆ యంత్రం పేరుకు ఎదురుగా నమోదైంది. తెర మీది మైదా గీకడానికి నాకు ఒక పూట పట్టింది.

రెండో డ్రాఫ్టు పెట్టాను. ఈసారి సూచికా నేనే రాశాను, చుక్కలూ నేనే పెట్టాను. ఆయనకు దిద్దడానికి ఏమీ మిగల్లేదు కనుక, నాలుగు వరుసల్లో రెండిటిని అనవసరమని కొట్టేశారు. యంత్రం మళ్ళీ అదే మాట అంది. అయితే మందలింపు పొంది ఉన్నందువల్ల కాబోలు, ఈసారి ఎవరూ దాని మాట పట్టించుకోలేదు. అప్పటికి జూన్ ఇరవై.

మూడో డ్రాఫ్టు రాసిన రోజు హైమ దగ్గర్నుంచి ఇంకో ఉత్తరం వచ్చింది. ఇంటివాళ్ళు ఖచ్చితంగా ఎప్పుడు దిగుతారని అడుగుతున్నారట. అది చదివి కూర్చుని రాశాను కనుక రెండో వరుసలో తప్పు రాశాను. కంప్యూటరు లోపల ఒక్కో భాగానికీ పని పడినప్పుడు పిలవడానికి ఒక్కో నంబరు ఉంటుంది. మౌసుది మూడు. కంపెనీ మనిషి కార్డుకు ఐదు పెట్టి వెళ్ళాడు. నేను ఐదు బదులు మూడు రాశాను. ఇద్దరికీ ఒకే నంబరు అయితే ఇద్దరూ పలకరు. ఫైలు ఆయన దగ్గరికి వెళ్ళిపోయాక ఆ సంగతి గుర్తొచ్చింది. పరుగున వెళ్ళి తప్పు రాశానని ఒప్పుకున్నాను. కూర్మనాథం గారు ఎర్ర పెన్ను మూత తీశారు.

"మూడో నంబరు ఇప్పుడెవరి దగ్గరుంది?"

"మౌసు దగ్గర సార్."

"మౌసు సర్వీసులో ఎప్పుడు చేరింది?"

"ఎనభై తొమ్మిదిలో."

"ఈ కార్డు మొన్న చేరింది. సీనియరు నంబరు పట్టుకెళ్ళి జూనియరుకి ఎలా ఇస్తావయ్యా? ఖాళీ ఏదుంది?"

ఐదు అన్నాను. మూడు కొట్టేసి ఐదు వేశారు. వేసి, కుర్చీలో వెనక్కి వాలి, ఎంత ప్రమాదం తప్పిందో చూశావా అన్నారు. దిద్దాల్సింది దొరికిపోయింది కనుక మిగతా మూడు వరుసల జోలికి పోలేదు. ఆకుపచ్చ సంతకం పడింది. నాలుగు వరుసలూ ఎక్కించి యంత్రాన్ని లేపితే, ఈసారి ఒక్క చెడ్డ మాట లేకుండా లేచింది. వెనక కార్డు మీద చిన్న పచ్చ దీపం వెలిగింది. మంచం మీద నుంచి లేచిన రోగిని చూసినట్టు ఆ దీపాన్ని చూస్తూ నిలబడిపోయాను.

ఏడేళ్ళుగా నాకు తట్టని సంగతి ఆ రోజు తట్టింది. డ్రాఫ్టు బాగుండకూడదు. అందులో ఆయనకంటూ ఒక తప్పు ఉండాలి, అది దిద్దితే డ్రాఫ్టు బాగుపడాలి. రెండో యంత్రానికి డ్రాఫ్టు రాసేటప్పుడు కావాలనే అడుగున తేదీ ఒక రోజు వెనక్కి వేశాను. అది ఆయన కంటికి ఆనలేదు. దాన్ని వదిలేసి ఒకటో వరుసనూ మూడో వరుసనూ తారుమారు చేశారు. దాంతో రెండో పాఠం నేర్చుకున్నాను. తప్పు చిన్నదైతే లాభం లేదు. కళ్ళద్దాలు లేకపోయినా కొట్టొచ్చినట్టు కనబడేంత పెద్దదై, పైవరుసల్లో ఉండాలి. అప్పటి నుంచి నంబరు దగ్గర మూడు అంకెను బొటనవేలంత రాశాను. ఆయన ప్రతిసారీ నన్ను అడిగి, సీనియారిటీ తేల్చి, ఐదు వేశారు. ఇరవై ఎనిమిదో తేదీ శుక్రవారానికి నాలుగు యంత్రాల వెనకా పచ్చ దీపాలు వెలిగాయి.

ఎస్టాబ్లిష్‌మెంటు గదిలో 'పరీక్ష' అన్న ఒక్క మాట టైపు చేసి మీట నొక్కితే, తపాలా గదిలో ప్రింటరు కిరకిరలాడింది. ఆ రెండు గదులకూ మధ్య ముప్పై అడుగుల దూరం. ఆ దూరం నడవడానికి సింహాచలానికి మామూలుగా ఒక పూట పట్టేది. దారిలో టీ కొట్టూ, వరండాలో మాట్లాడేవాళ్ళూ ఉండేవారు. ఆ పూట ఆలస్యమే మా కార్యాలయాన్ని ఎన్నోసార్లు కాపాడింది. తొందరపడి పంపిన కాగితం తప్పని తెలిస్తే వరండాలోనే పట్టుకుని వెనక్కి తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు సింహాచలం ప్రింటరు దగ్గర నిలబడి ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాను మొయ్యకుండానే వొచ్చీసినాది," అన్నాడు. అని దాన్ని రెండు చేతులా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాడు. నాకూ మనసు చివుక్కుమంది. అతన్ని ఆ రోజు నుంచి కవర్లు అంటించి పోస్టాఫీసులో వేసి వచ్చే పనికి మార్చారు.

ఆ సాయంత్రమే డిప్యూటీ డైరెక్టరు గారు కాగితాల వాడకం తగ్గించే సమావేశానికి రెండు పెట్టెల కాగితాలతో హైదరాబాదు వెళ్ళారు. మూడో తేదీ దాకా రారు. కూర్మనాథం గారు ఇన్‌చార్జి. ఇంటికి వెళ్ళేముందు కూర్మనాథం గారు నన్ను పిలిచి ఏ మీట నొక్కితే కాగితం తపాలా గదికి పోతుందో చూపించమన్నారు. చూపుడువేలితో నాలుగైదుసార్లు గాల్లో నొక్కి సాధన చేశారు.

ఇరవై తొమ్మిది శనివారం. మర్నాడు ఆదివారం, ఆ మర్నాడు నిషేధం. నాకున్నది ఆ ఒక్క రోజే. మా ఆఫీసులో ఎవరి రిలీవింగ్ ఉత్తర్వు డ్రాఫ్టు వాళ్ళే రాసుకోవాలి. నాలుగేళ్ళుగా మనసులో రాసుకుంటున్న డ్రాఫ్టు అది. ఆయనకు ఏ తప్పు ఇవ్వాలా అని చాలాసేపు ఆలోచించాను. పేరులో తప్పు పెడితే ఇంకెవరో బదిలీ అవుతారు. ఊళ్ళో తప్పు పెడితే ఇంకెక్కడికో పోతాను. సంవత్సరమైతే భయం లేదు. ఇది ఏ సంవత్సరమో ఎవరికైనా తెలుసు. అందుకని మొదటి వరుసలోనే, '29-6-1997 మధ్యాహ్నం నుంచి విధుల నుంచి రిలీవు చేయడమైనది' అని టైపు చేసి, ఏడు అంకెకు రెండు పక్కలా ఖాళీ కూడా వదిలాను. అచ్చు కాగితం ఆయన బల్ల మీద పెట్టి, సాయంత్రం పార్వతీపురం బస్సు ఎన్నింటికో కనుక్కోవడానికి బస్సు కాంప్లెక్సుకు వెళ్ళాను. ఐదున్నరకు ఉంది. కిటికీ సీటు కావాలంటే పావుగంట ముందు రమ్మన్నారు.

తిరిగొచ్చేసరికి మూడైంది. కూర్మనాథం గారు నాకోసమే చూస్తున్నారు. బల్ల మీద నా డ్రాఫ్టు ఉంది. దాని మీద సంతకం ఉంది. ఎర్ర సిరా ఎక్కడా లేదు. పెన్ను మూత పెట్టి జేబులో ఉంది.

"కూర్చోవయ్యా," అన్నారు. ఏడేళ్ళలో ఆయన నన్ను కూర్చోమనడం అదే మొదటిసారి. "నువ్వు కావాలనే తప్పులు పెడుతున్నావని నాకు తెలుసు. రెండో యంత్రం దగ్గరే పట్టేశాను. నేనూ గుమాస్తాగా ఉన్నప్పుడు మా సూపరింటెండెంటుకి అలాగే పెట్టేవాణ్ణి. ఆయనా దిద్దేవారు. ఎర్ర సిరా లేకపోతే పైన ఒప్పుకోరు, ఏం చేస్తాం. ఇవాళ పైన ఎవరూ లేరు. నా సర్వీసులో ఒక్క డ్రాఫ్టయినా దిద్దకుండా పంపాలని ఎప్పటినుంచో ఉంది. నీది పంపాను. అసలు చదవనే లేదు. చదివితే చెయ్యి ఊరుకోదని, నీ మీద నమ్మకంతో కళ్ళు మూసుకుని సంతకం పెట్టి, మీట కూడా నేనే నొక్కాను."

కుర్చీలోంచి లేచి తపాలా గదికి పరిగెత్తాను. ముప్పై అడుగులే. వరండాలో ఎవరూ లేరు. గదిలో బల్ల మీద డిస్పాచి రిజిస్టరు తెరిచి ఉంది. మూడు నంబర్లు పడి ఉన్నాయి, హైదరాబాదుకు ఒకటి, పార్వతీపురానికి ఒకటి, ట్రెజరీకి ఒకటి. ఇంతలో సింహాచలం గేటులోంచి లోపలికి వచ్చాడు. చొక్కా తడిసిపోయింది, రొప్పుతున్నాడు. ఆ మనిషి పరిగెత్తగలడని అంతవరకు నాకు తెలియదు.

"బాబూ, మీదని తెలిసి ఆగనేదు. టీ కూడా తాగనేదు. పోస్టు బండి కదిలిపోతంటే ఎదురెళ్ళి సంచీలో ఏసొచ్చినాను. అమ్మగారికి సెప్పీండి, సోమారానికి అందీసుద్ది."

అతన్ని ఏమనగలను. భుజం మీద చెయ్యి వేశాను. అతను సంతోషంగా కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

డ్రాఫ్టు పట్టుకుని మళ్ళీ కూర్మనాథం గారి దగ్గరికి వెళ్ళి మొదటి వరుస చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. చేయి తనంతట తనే జేబులోకి పోయి ఎర్ర పెన్ను తీసింది. మూత తీసి, ఏడు అంకె దగ్గరకు తెచ్చి, ఆగిపోయారు.

"ఇదెందుకు పెట్టావయ్యా?"

"మీరు దిద్దుతారని సార్."

"నేను దిద్దకపోతేనో అని అనుకోలేదా?"

"ఏడేళ్ళలో ఎన్నడూ అనుకునే అవసరం రాలేదు సార్."

ఆయన పెన్ను మూత పెట్టేశారు. ఇన్‌చార్జికి ఉత్తర్వు ఇచ్చే అధికారం ఉంది గానీ, ఇచ్చినదాన్ని సవరించే అధికారం లేదని మెల్లగా చెప్పారు. సవరణకు ఆకుపచ్చ సిరా కావాలి, అది మూడో తేదీ దాకా రాదు. మూడో తేదీకి నిషేధం వచ్చేసి ఉంటుంది, నిషేధంలో బదిలీ ఉత్తర్వుల్ని ముట్టకూడదు. ఉత్తర్వు ముప్పైలోగా అందింది కనుక బదిలీ రద్దు కాదు, అందులో వేసిన తేదీకి అమలవుతుంది. చూసేవాడెవడైనా టైపు పొరపాటని గ్రహించడా సార్ అని అడిగాను. పార్వతీపురంలో మా శాఖ సూపరింటెండెంటు తన బ్యాచి మనిషే అనీ, కాగితంలో తొంభై ఏడు అని ఉంటే తొంభై ఏడు దాకా గుమ్మంలో నిలబెడతాడనీ చెప్పారు. కాసేపటికి క్యారేజీ సంచిలోంచి మధ్యాహ్నం పప్పు గిన్నె తీసి నా ముందుకు జరిపారు. నీకోసం ఉంచానయ్యా, బస్సెక్కేముందు తింటావని, అన్నారు. నాకు ఏడుపొచ్చింది. తిన్నాను.

ఆఫీసు ఎదురుగా ఎస్‌టీడీ బూతు ఉంది. ఐదింటికి ఆస్పత్రికి ఫోను చేస్తే హైమను వార్డులోంచి పిలుచుకొచ్చారు. ఆమె పరుగున వచ్చినట్టుంది, ఊపిరి వినబడుతోంది.

"ఏమండీ, ఇచ్చేశారా?"

"ఇచ్చేశారు."

"మళ్ళీ ఏదో దిద్దుతామని ఆపలేదు కదా?"

"లేదు. ఒక్క అక్షరం కూడా దిద్దలేదు."

హైమ నవ్వింది. నాలుగేళ్ళలో ఫోనులో ఆమె అంత హాయిగా నవ్వగా నేను వినలేదు. మీ సూపరింటెండెంటు గారు దేవుడండీ అంది. వంటింటి కిటికీకి తెర కుట్టించానంది. తర్వాత, ఏ తేదీ వేశారని అడిగింది.

జూన్ ఇరవై తొమ్మిది అని చెప్పాను.

"అంటే ఇవాళే," అంది.

ఏ సంవత్సరమని ఆమె అడగలేదు. అది ఎవరూ అడగరు.